పచ్చ చుక్కని నమ్మి కోదాడ దాకా వెళ్ళాను

రెండున్నరేళ్ళుగా నెక్సాన్ ఈవీ అనే కరెంటు కారులో హైదరాబాద్ నుంచి తణుకు తిరుగుతున్నాను, ఏడాదికి ఆరేడు సార్లు. కారు గురించి రాయను, దాని మీద కావలసినన్ని సమీక్షలు ఉన్నాయి. నేను రాయాలనుకున్నది దారిలో ఉండే ఫాస్ట్ ఛార్జర్ల గురించి, అందులోనూ ఒకే ఒక్క విషయం గురించి. ఫోన్లో మ్యాప్ మీద ఛార్జర్ పక్కన ఒక పచ్చ చుక్క కనిపిస్తుంది, 'అందుబాటులో ఉంది' అని. ఆ చుక్క మీద నాకు ఎంత కోపం ఉందంటే, ఎవరైనా కొత్తగా ఈవీ కొన్నామని ఫోన్ చేస్తే కారు రంగేమిటని కూడా అడగకుండా ముందు ఇదే చెప్తున్నాను, దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దని.

మంచి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఉంది. 2023లో కారు కొన్నప్పుడు విజయవాడ రోడ్డులో ఎక్కడెక్కడ ఆగవచ్చో నాకు నోటికి వచ్చేది, అన్ని తక్కువ ఉండేవి. ఇప్పుడు చౌటుప్పల్ దగ్గర మొదలుపెడితే నందిగామ దాకా పెద్ద హోటళ్ళ ముందు, బంకుల్లో ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటాయి. 60 కిలోవాట్ల గన్ (కారుకి తగిలించే ఛార్జింగ్ కేబుల్ కొస) దొరికితే బ్యాటరీ 20 నుంచి 80 శాతానికి ముప్పావుగంట. మా పాపకి నాలుగేళ్ళు, తను ఇడ్లీ తిని, చేతులు కడుక్కుని, హోటల్ ముందున్న ఉయ్యాల మీద రెండుసార్లు ఊగి వచ్చేసరికి బండి రెడీగా ఉంటుంది. పెట్రోల్ కారు ఉన్నప్పుడు మూడు గంటలు ఆగకుండా తోలి నడుము పట్టేసేది, ఇప్పుడు ఆ బాధ లేదు. ఖర్చు అంటారా, కిలోమీటరుకి రూపాయి అని అందరూ చెప్పేది ఇంట్లో పెట్టుకునే ఛార్జింగ్ లెక్క. బయట యూనిట్ ఇరవై రూపాయల పైనే పడుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. నాకు హైవే మీద కిలోమీటరుకి సుమారు నాలుగు రూపాయలు తేలుతోంది. అయినా ఫర్వాలేదు, దాని గురించి నాకు గొడవ లేదు.

నా గొడవ పోయిన ఏడాది మే నెలలో మొదలైంది.

తణుకు నుంచి తిరుగు ప్రయాణం. మా ఆవిడ, పాప, వెనక సీట్లో మామయ్య. ఆయనకి షుగర్, రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం పడాలి. ముందు రోజు రాత్రంతా ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకి పెట్టి వంద శాతంతో బయల్దేరాం. విజయవాడలో ఆగి ఛార్జింగ్ పెడితే వెనకాల ఇంకో కారాయన ఎదురుచూస్తున్నాడు, ఆయన కారులో చిన్న బాబు ఏడుస్తున్నాడు, సరే అని 66 శాతం దగ్గర తీసేశాను. లెక్క సరిపోతుంది, కోదాడకి 27 శాతంతో చేరతాం, అక్కడ ఒక హోటల్ దగ్గర రెండు గన్నుల ఛార్జర్, రెండు పచ్చ చుక్కలు, మామయ్య భోజనం కూడా అక్కడే అయిపోతుంది. నందిగామ దాటాక ఆకాశం నల్లబడింది. చిల్లకల్లు టోల్‌గేట్ దగ్గరికి వచ్చేసరికి గాలివాన. ఎదురుగాలికి, తడి రోడ్డుకి ఈవీ ఎంత తాగుతుందో ఆ రోజు చూశాను, 27 అనుకున్నది 19 అయింది. ఆవిడ రెండుసార్లు యాప్ తెరిచి చూసింది. పచ్చగానే ఉంది, పచ్చగానే ఉంది అంది.

కోదాడ చేరేసరికి హోటల్లో జనరేటర్ లైట్లు. ఛార్జర్ మాత్రం చీకట్లో నిలబడి ఉంది, డిస్‌ప్లే నల్లగా. గాలికి ఎక్కడో తీగలు తెగాయట, సాయంత్రం ఐదున్నర నుంచి కరెంట్ లేదట. జనరేటర్ మీద ఛార్జర్ నడవదు, అది హోటల్ వాళ్ళ కనెక్షన్ కాదు. నేను ఆ నల్ల డిస్‌ప్లే ముందు నిలబడి ఫోన్ తెరిచి చూస్తే పచ్చ చుక్క. టైము ఏడుం పావు. దాదాపు రెండు గంటల నుంచి ప్రాణం లేని మిషన్ని ఖాళీగా ఉంది రండి అని చూపిస్తోంది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పది నిమిషాలు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి ఎత్తి, మా సిస్టమ్‌లో ఆన్‌లైన్‌లోనే ఉంది సార్, ఒకసారి యాప్ క్లోజ్ చేసి ఓపెన్ చేయండి అంది. ఆ అమ్మాయి తప్పు లేదు, తన ముందున్న తెర మీద కూడా అదే పచ్చ చుక్క ఉండి ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందో తర్వాత ఈ ఛార్జర్ల సాఫ్ట్‌వేర్ పని చేసే స్నేహితుడు చెప్పాడు. ఛార్జర్ లోపల ఒక సిమ్ కార్డు ఉంటుంది, దాని ద్వారా కంపెనీ సర్వర్‌కి తన పరిస్థితి చెబుతూ ఉంటుంది, ఖాళీగా ఉన్నాను, బండి పెట్టారు, లోపం వచ్చింది అని. ఓసీపీపీ అని దానికో పద్ధతి ఉంది. నేను బతికే ఉన్నాను అని చెప్పడానికి కూడా కొంతసేపటికోసారి ఒక కబురు పంపుతుంది, హార్ట్‌బీట్ అంటారు. కరెంట్ పోతే చార్జర్‌తో పాటు ఆ సిమ్ కూడా పోతుంది, పోయాను అని చెప్పేవాళ్ళే ఉండరు. కబురు రాకపోతే చుక్కని బూడిద రంగుకి మార్చాల్సింది సర్వర్. కొన్ని కంపెనీలు ఆ పని వెంటనే చేస్తాయి, కొన్ని చివరిసారి విన్న కబురునే పట్టుకుని కూర్చుంటాయి. అంటే పచ్చ చుక్కకి అర్థం 'పనిచేస్తోంది' అని కాదు, 'ఆఖరిసారి మాట్లాడినప్పుడు బాగానే ఉన్నానంది' అని. ఇంత చిన్న తేడా కోసం నాలుగు వందల కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకున్నవాడు ఎంత టెన్షన్ పడాలో ఆ యాప్ చేసినవాళ్ళు ఒక్కసారి పిల్లలతో, పెద్దవాళ్ళతో ఆ రోడ్డు మీదకి వచ్చి చూడాలి.

ఇక్కడిదాకా చాలామందికి జరిగిందే. నేను అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగింది.

మామయ్య హోటల్లో రెండు చపాతీలు తిన్నారు. సూర్యాపేట ఇంకా 45 కిలోమీటర్లు. అక్కడ పచ్చ చుక్కలు ఉన్నాయి కానీ ఇప్పుడు వాటిని చూస్తే ధైర్యం రావడం లేదు. కోదాడలోనే లాడ్జి చూసుకుని ఉండిపోదామా అంటే మర్నాడు మామయ్యకి డాక్టర్ అపాయింట్‌మెంట్. చివరికి ఏసీ ఆపేసి, అద్దాలు కొంచెం దించి, ఎడమ పక్కగా యాభై మీద మెల్లగా పోనిచ్చాను. లారీలు హారన్ కొడుతూ దాటిపోతున్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు, పాప కూడా. మునగాల దాటాక ఒక బంకు కనిపించింది, లైట్లు వెలుగుతున్నాయి, పక్కన ఒక ఛార్జర్ కూడా ఉంది, పైన రేకుల షెడ్డు. యాప్‌లో అది ఎర్ర చుక్క, 'పనిచేయడం లేదు'. బ్యాటరీ 13. ఛార్జర్ కోసం కాదు, ఎవరినైనా బతిమాలుకుని 15 ఆంప్స్ ప్లగ్గు దొరుకుతుందేమో అడుగుదామని ఆగాను. దాని మీద గంటకి ఏడెనిమిది శాతం కన్నా ఎక్కదు, అయినా సూర్యాపేట చేరే ధైర్యం వస్తుంది కదా అని.

బంకులో పనిచేసే కుర్రాడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళు ఉంటాయి, నేను ప్లగ్గు అడగగానే ఛార్జర్ వైపు చూపించాడు.

"గా మిషన్‌కే పెట్టుకోరాదన్నా."

"అది పాడైపోయిందని చూపిస్తోంది తమ్ముడూ."

"ఖరాబేం కాలే. నిన్న పొద్దుగాల ఎవరో పోరగాళ్ళు గా ఎర్ర బటన్ ఒత్తిండ్రు. గప్పటి సంది ఒక్క బండి రాలే."

నాతో పాటు వచ్చి ఛార్జర్ పక్కనున్న ఎమర్జెన్సీ బటన్, పుట్టగొడుగులా ఉంటుంది కదా, దాన్ని బాణం గుర్తు వైపు తిప్పాడు. టక్ మని పైకి లేచింది. డిస్‌ప్లే ఆరిపోయి మళ్ళీ వెలిగింది. రెండు నిమిషాలు. ఫోన్లో ఎర్ర చుక్క పచ్చగా మారింది. గన్ పెట్టాను, ఏడెనిమిది సెకన్లు లోపల ఏదో గరగరలాడి, 41 కిలోవాట్లు అని చూపించింది. ఆ అంకె చూసి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మరి కంపెనీకి చెప్పలేదా అని అడిగితే, ఇది మా బంకుది కాదన్నా, గాళ్ళ నంబర్ నా కాడ లేదు, మొన్నొచ్చిన మెకానిక్ ఇట్ల తిప్పంగ చూసిన అన్నాడు.

ఆలోచించండి. పచ్చగా ఉన్నది చచ్చిపోయి ఉంది, ఎర్రగా ఉన్నది ఒక్క మెలిక తిప్పితే లేచింది. ఒకటిన్నర రోజు పాటు ఆ రోడ్డు మీద పోయిన ఈవీల వాళ్ళందరూ ఆ ఎర్ర చుక్క చూసి దూరం పోయి ఉంటారు. నేనూ పోయేవాణ్ణే.

ఆ బటన్ గురించి ఒక జాగ్రత్త. ఎవరైనా నిజంగా ప్రమాదం చూసి నొక్కి ఉండొచ్చు. తిప్పేముందు కేబుల్ ఎక్కడైనా చిట్లిందా, గన్ పిన్నులు కాలి నల్లబడ్డాయా, కింద నీళ్ళు నిలిచాయా చూడండి, అక్కడి మనిషిని ఎందుకు నొక్కారో అడగండి. ఏమాత్రం అనుమానం ఉన్నా ముట్టుకోవద్దు. నేనైతే అప్పటి నుంచి ఇంకో రెండుసార్లు తిప్పాను, ఒకసారి పనిచేసింది, ఒకసారి డిస్‌ప్లే మీద ఇంకేదో లోపం వచ్చింది.

ఆ రాత్రి తర్వాత నా పద్ధతి మారిపోయింది. మనుషులు లేని చోట ఆగడం మానేశాను. చార్జర్ ఎంత కొత్తదైనా, ఎంత పెద్దదైనా, ఖాళీ స్థలంలో ఒంటరిగా ఉంటే నా లిస్టులో లేదు. బంకు ఉండాలి, లేదా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే హోటల్ ఉండాలి. ఆగిన ప్రతి చోటా అక్కడి వాళ్ళ నంబర్ తీసుకుంటున్నాను, బయల్దేరి సగం దూరం వచ్చాక ఫోన్ చేసి ఒక్కటే అడుగుతాను, మిషన్ మీద లైటు వెలుగుతోందా అని. ప్లగ్‌షేర్ అనే యాప్‌లో మనలాంటి వాళ్ళు ఛార్జ్ చేశాక పెట్టే చెకిన్‌లు చూస్తాను, ఈ రోజు పొద్దున ఒకరు ఛార్జ్ చేసుకున్నామని రాస్తే పది పచ్చ చుక్కల కన్నా అది నయం. కొన్ని యాప్‌లలో చివరిసారి ఎప్పుడు వాడారో కనిపిస్తుంది, అది అన్నిటిలో ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. మునగాల కుర్రాడు ఎనిమిది నెలలు నాకు ఫోన్లో సమాధానం చెప్పాడు. ఫిబ్రవరిలో అక్కడ మానేసి వేరే పనికి వెళ్ళిపోయాడు, ఇప్పుడున్నాయనకి ఛార్జర్ గురించి ఏమీ తెలియదు. అంటే నా పద్ధతి కూడా అంత గట్టిదేం కాదు.

పైన ముప్పావుగంట అని రాశాను కదా, అది జనవరి లెక్క. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు హైవే మీద తోలి గన్ పెడితే బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది, 30 కిలోవాట్ల దగ్గరే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను, అప్పుడు గంటా పది నిమిషాలు. 60 కిలోవాట్ల మిషన్‌కి రెండు గన్నులుండి రెండో దానికి ఎవరైనా పెడితే చెరి 30. 120 కిలోవాట్ల వాటితో ఈ బాధ లేదు, నా కారు 50కి మించి తీసుకోదు కాబట్టి సగం వచ్చినా చాలు. పెద్ద హోటళ్ళ ముందు, బంకుల్లో కనిపిస్తూనే ఉంటాయని కూడా అన్నాను. ఉన్నాయి, నిజమే, కానీ నేను వెళ్ళినప్పుడు నాలుగిట్లో ఒకటి ఏదో ఒక కారణంతో ఎక్కదు, అది నా అనుభవం మాత్రమే. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, అలా ఐదు యాప్‌ల వాలెట్లలో ముందే వేసినవి కలిపి నావి పదకొండు వందలు ఇరుక్కుని ఉన్నాయి. సంక్రాంతికి ముందు మూడు రోజులు మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు, పంతంగి టోల్ దగ్గర మొదలయ్యే క్యూ ఛార్జర్ల దగ్గరా ఉంటుంది. దయచేసి ఆ రోజుల్లో 80 దాటాక తీసేయండి. చివరి ఇరవై శాతం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ టైములో వెనకవాళ్ళు సగం బ్యాటరీ నింపుకోగలరు.

మీరు కొనాలా వద్దా అంటే నేను తేల్చి చెప్పలేను. నాకు ఇంట్లో ఛార్జింగ్ ఉంది, రోజూ ఆఫీసుకి దానితోనే, బయట ఛార్జర్ల అవసరం ఏడాదికి పదిహేను రోజులు. దారిలో ఎలాగూ పాప కోసం ఆగాలి. తణుకులో రాత్రంతా ప్లగ్గు పెట్టుకునే వీలుంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నేను మళ్ళీ ఈవీయే కొంటాను. అపార్ట్‌మెంట్‌లో ప్లగ్గు లేకుండా, వారానికి రెండుసార్లు ఈ రోడ్డు ఎక్కే ఉద్యోగం అయితే ఇంకో ఏడాది ఆగమనే అంటాను. హాస్పిటల్ పని మీద, ఫలానా టైముకి చేరి తీరాల్సిన ప్రయాణానికి ఇప్పటికీ నేనే మా తమ్ముడి డీజిల్ కారు అడిగి తీసుకుంటున్నాను.

కంపెనీల వాళ్ళు ఎవరైనా ఇది చదివితే రెండే అడుగుతాను. చుక్క పక్కన చివరిసారి ఛార్జింగ్ ఎప్పుడు జరిగిందో టైము వేయండి. ఎర్ర బటన్ ఎవరైనా నొక్కితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో ఒక కాగితం బంకు గదిలో అంటించండి, అక్కడ రాత్రి డ్యూటీ చేసే పిల్లలు మిగతాది చూసుకుంటారు.

మొన్న సంక్రాంతికి మామయ్య బస్సులో వచ్చారు. కారులో రమ్మని నేను బలవంతం చేయలేదు.