పాత పెట్రోల్ అంబాసిడర్‌కి ఏ మానిఫోల్డ్ గాస్కెట్ కొనాలి?

ఇది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బండ్ల సంగతి. బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజన్ అన్నమాట. డీజిల్ వాళ్లు వేరే చూసుకోవాలి. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్ (గాలి-పెట్రోల్ లోపలికి తెచ్చేది), ఎగ్జాస్ట్ (పొగ బయటికి పంపేది) మానిఫోల్డ్ గొట్టాలు రెండూ సిలిండర్ హెడ్‌కి ఒకే పక్కన ఉంటాయి, రెంటికీ కలిపి సందు మూసే పొర, అంటే గాస్కెట్, ఒకటే. కాబట్టి అది పోతే పొగ లీకుతో ఆగదు, ఇన్‌లెట్ పోర్టు (హెడ్‌లోని రంధ్రం) దగ్గర బయటి గాలి కూడా లాగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్కుటిక్కుమని, ఇంజన్ వేడెక్కాక ఆ శబ్దం తగ్గి, ఐడిలింగ్ మాత్రం నిలవకపోతే టాపెట్ల (వాల్వులు కదిపే భాగాల) జోలికి వెళ్లకముందే ఫ్లాంజి (మానిఫోల్డ్ హెడ్‌కి ఆనే చదును భాగం) అంచుల్లో నల్లటి మసి ఉందేమో చూడండి.

ఎక్కువగా చూసేవి మూడు రకాలు. షీటు తెచ్చి సుత్తితో కొట్టి కోసే గాస్కెట్ అత్యవసరానికి తప్ప దండగ. ఎగ్జాస్ట్ పోర్టు అంచు మాడి ముక్కలుగా రాలిపోతుంది. ఒక పక్క చిల్లుల ఉక్కురేకు ఉన్న పాతరకం బాగానే పనిచేస్తుంది, కానీ రేకు వైపు మానిఫోల్డ్‌కి, మెత్తని వైపు హెడ్‌కి రావాలి. మానిఫోల్డ్ వేడికి సాగినప్పుడు రేకు మీద జారుతుంది. తిరగేసి బిగిస్తే మెత్తని పొర చిరుగుతుంది. నా ఓటు ఉక్కు మధ్యలో పెట్టి గ్రాఫైట్ పూసినదానికి. పాత హెడ్డు మీది చిన్న గుంటల్ని అది నింపుతుంది. పోర్టు రంధ్రాలు మాత్రం కొనేముందే పాతదానిపై పెట్టి సరిచూడండి. రంధ్రం చిన్నదైతే గాస్కెట్ అంచు వేడి పొగలోకి పొడుచుకొచ్చి కాలిపోతుంది.

అయితే ఎంత మంచి గాస్కెట్ తెచ్చినా ఈ ఇంజన్‌లో లీకుకి అసలు కారణం తరచూ వాషర్ల దగ్గరే ఉంటుంది. ఒక్కో మందపాటి వాషర్ ఇన్‌లెట్ ఫ్లాంజినీ ఎగ్జాస్ట్ ఫ్లాంజినీ కలిపి నొక్కాలి. ఒకదాన్నే గీయించి రెండోదాన్ని వదిలేస్తే మందాలు తేడా వచ్చి, వాషర్ వాలి ఒకదాన్నే పట్టుకుంటుంది. ఫ్లాంజిల ముఖాల మీద ఇనుప స్కేలు ఆనించి చూడండి. 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) దూరితే రెండూ కలిపి లేత్ షాపులో ఫేసింగ్ చేయించడమే మేలు. వంగిన వాషర్లు పారేయాలి.

విప్పడానికి ముందురోజు రాత్రే నట్లకు తుప్పునూనె పట్టించండి. నట్టు కదలకపోతే బలవంతం చేయక, కొంచెం బిగించి వదులు చేస్తూ రండి, లేకుంటే స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) హెడ్డులోనే విరుగుతుంది. పాత గాస్కెట్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కనుక తడిపి గీకాలి, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వేస్తే వచ్చేసారి సులువుగా ఊడతాయి. మధ్యనుంచి బయటికి, రెండు మూడు విడతల్లో 15 ఫుట్‌పౌండ్ల దాకా, అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు. స్పానర్‌కి పైపు తొడిగి లాగితే స్టడ్డు మరలే పోతాయి.

సిలికాన్ గమ్ పూయమని కౌంటర్లో చెప్పినా వద్దు. ఎగ్జాస్ట్ పోర్టు వేడికి అది నిలవదు, ఇన్‌లెట్ వైపు పిండిన ముక్క లోపలికి పోతుంది. ఒకసారి బండి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారాక నట్లు మళ్లీ అదే టార్క్‌కి చూడండి. కొత్త గాస్కెట్ అణగి కొంత వదులవుతుంది. అప్పటికీ అనుమానముంటే చల్లటి ఇంజన్‌లో సైలెన్సర్ చివర నుంచి వాక్యూమ్ క్లీనర్ గాలి ఊదించి, ఫ్లాంజి అంచుల మీద సబ్బునీళ్లు చల్లండి. లీకున్నచోట బుడగలు లేస్తాయి.