జాగ్రత్త: రెడీమేడ్ గిట్ సర్వర్ ప్లాన్ కొన్నారా? అప్‌డేట్ బటన్ నొక్కకండి

ఒక హోస్టింగ్ సంస్థ గిటీని (సొంత సర్వర్‌లో కోడ్ దాచుకునే గిట్ సాఫ్ట్‌వేర్) డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టె) ముందే పెట్టి ‘ఒక్క క్లిక్‌తో గిట్ సర్వర్’ అని అమ్ముతోంది. అందులో అప్‌డేట్ నొక్కితే రిపోజిటరీలు (కోడ్ ప్రాజెక్టులు), ఇష్యూలు (లోపాలు, పనుల మీద చర్చలు), యూజర్లు ఏవీ లేకుండా కొత్త ఇన్‌స్టాల్ పేజీ వచ్చింది.

తప్పంతా కంపోజ్ ఫైల్‌లో, అంటే కంటైనర్‌ను ఎలా నడపాలో డాకర్‌కి చెప్పే ఫైల్‌లో ఉంది. రిపోజిటరీలు, సెట్టింగులు, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (సర్వర్ గుర్తింపు కీలు), ఎస్‌క్యూఎల్‌లైట్ (ఒకే ఫైల్‌లో ఉండే రకం) అయితే డేటాబేస్ కూడా, గిటీ అన్నీ కంటైనర్ లోపలి ‘డేటా’ ఫోల్డర్‌లోనే పెడుతుంది. వీళ్ల ఫైల్‌లో వాల్యూమ్స్ భాగమే లేదు (వాల్యూమ్ అంటే కంటైనర్ పోయినా డేటా నిలిచేలా డాకర్ విడిగా ఉంచే చోటు). అలాంటప్పుడు డాకర్ పేరులేని వాల్యూమ్ ఒకటి తనే తయారుచేసుకుంటుంది. కంటైనర్ రీస్టార్ట్ చేసినా డేటా అలాగే ఉంటుంది కాబట్టి నెలల తరబడి అనుమానం రాదు. కంపోజ్ డౌన్ చేసి (కంటైనర్‌ను తీసేసి) మళ్లీ అప్ చేసిన రోజున మాత్రం కొత్త ఖాళీ వాల్యూమ్ తగులుకుంటుంది. ఆ బటన్ చేసేది సరిగ్గా అదే.

మీది ఎలా ఉందో ఇప్పుడే చూడండి. డాకర్ ఇన్‌స్పెక్ట్ (కంటైనర్ వివరాలు చూపే కమాండ్) కొట్టి మౌంట్స్ (కంటైనర్‌కి జోడించిన చోట్లు) దగ్గర వాల్యూమ్ పేరు చదవండి. 64 అక్షరాల అర్థంలేని పేరు కనబడితే ప్రమాదంలో ఉన్నట్టే. కంటైనర్ ఆపి, ఆ వాల్యూమ్‌లోని ఫైళ్లను అనుమతులు చెడకుండా వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, దాన్ని కంపోజ్ ఫైల్‌లో ‘డేటా’కి మౌంట్ చేయండి. ఫైళ్ల ఓనర్ మారితే గిటీ లేవదు. మామూలు ఇమేజ్‌లో ఆ యూజర్ నంబర్ 1000.

ఇప్పటికే ఖాళీ అయినవాళ్లు దయచేసి వాల్యూమ్ ప్రూన్ (వాడకంలో లేని వాల్యూమ్‌లను తుడిచేసే కమాండ్) కొట్టకండి. పాత వాల్యూమ్ చాలాసార్లు డిస్క్ మీదే ఉంటుంది, ప్రూన్‌తో ఆ ఆశా పోతుంది. అదీ దొరక్కపోతే ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా ఉన్న క్లోన్ (రిపోజిటరీ కాపీ) నుంచి కోడ్, కమిట్లు (మార్పుల చరిత్ర) తిరిగొస్తాయి. ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు (మార్పులు కలపమని పెట్టే అభ్యర్థనలు) రావు, అవి డేటాబేస్‌లో ఉండేవి.

ఇంకోటి. అదే కంపోజ్ ఫైల్ గిటీ వెబ్ పేజీ నడిచే 3000 పోర్టును నేరుగా బయటికి తెరిచింది. డాకర్ తెరిచిన పోర్టును యూఎఫ్‌డబ్ల్యూ (లినక్స్ ఫైర్‌వాల్) అడ్డుకోదు, పైగా గిటీలో రిజిస్ట్రేషన్ మొదట్నుంచీ అందరికీ తెరిచే ఉంటుంది. పోర్టును 127.0.0.1కి (ఆ మెషీన్‌కి మాత్రమే అందే అడ్రస్) కట్టి ముందు రివర్స్ ప్రాక్సీ (బయటి అభ్యర్థనలను అందుకుని లోపలికి పంపే సర్వర్) పెట్టండి, రిజిస్ట్రేషన్ మూసేయండి.

‘రోజూ బ్యాకప్’ అన్న మాట నమ్మే ముందు ఏం కాపీ చేస్తున్నారో అడగండి. నడుస్తున్న ఎస్‌క్యూఎల్‌లైట్ ఫైల్‌ను ఉత్తినే కాపీ చేస్తే అది పాడై ఉండొచ్చు. గిటీ డంప్ (గిటీ సొంత బ్యాకప్ కమాండ్) తీయండి. దాన్ని తిరిగి నిలబెట్టే కమాండ్ గిటీలో లేదు, అన్నీ చేత్తో సర్దాలి, కాబట్టి ఖాళీ మెషీన్ మీద ఒకసారి చేసి చూసుకోండి. కంపోజ్ ఫైల్ చూపించని అమ్మకందారు దగ్గర కొనకండి.