కొండ వాలు మీద ఫ్లాట్ కొనేముందు చేయించుకున్న ఇంజినీరింగ్ తనిఖీ: 5కి 4.5

కొండ వాలు మీద కట్టిన అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్ ఒకటి చూసుకున్నాం. బాల్కనీలో నిలబడితే కిందంతా చెట్లే. నాన్నకి తెగ నచ్చేసింది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఎవరిచేతైనా చూపిద్దామని మొదట ఒక ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌ని పిలిచాం. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి టైల్స్ మీద కొట్టి చూశారు, కుళాయిలు తిప్పారు, స్విచ్‌లు నొక్కారు. మర్నాటికల్లా రంగుల ఫొటోలతో 40 పేజీల రిపోర్ట్ వచ్చేసింది. బిల్డింగ్ వెనకున్న కొండ గురించి అందులో ఒక్క లైను లేదు. అడిగితే "అది మా స్కోప్‌లోకి రాదండి" అన్నారు.

ఆ మాటతో నాకు టెన్షన్ పట్టుకుంది. మలేసియాలో హైలాండ్ టవర్స్ కేసు గురించి నేను ఇదివరకే చదివాను. కౌలాలంపూర్ పక్కన, కొండ వాలుకి ఆనుకుని మూడు 12 అంతస్తుల టవర్లు ఉండేవి. 1993 డిసెంబర్ 11న, రోజుల తరబడి వానలు పడ్డాక, వెనక వాలు జారి అందులో ఒక టవర్ ఒరిగి కూలిపోయింది. 48 మంది చనిపోయారు. పైల్స్‌ని, అంటే నేలలోకి దించిన పునాది స్తంభాల్ని, బిల్డింగ్ బరువు మోయడానికే డిజైన్ చేశారు. కొండ జారి పక్కనుంచి తోస్తే అవి ఏమవుతాయని ఎవరూ లెక్క వేయలేదు. వెనకున్న వాలు, దాన్ని ఆపే గోడలు తన పనిలోకి రావనుకున్నాడు టవర్లు డిజైన్ చేసిన ఇంజినీర్. 2000లో హైకోర్టు దానికి ఒప్పుకోలేదు. పక్కనే వాలు పెట్టుకుని బిల్డింగ్ డిజైన్ చేసేవాడు ఆ వాలు సంగతి కూడా చూసుకోవాల్సిందేనని అతన్ని బాధ్యుణ్ణి చేసింది. ఆర్కిటెక్ట్ పని చేసినతనికి అసలు ఆ అర్హతే లేదు, అతనొక డ్రాఫ్ట్స్‌మన్, ప్లాన్లు గీసేవాడు. నష్టంలో అందరికంటే ఎక్కువ వాటా పడింది మాత్రం పైన కొండ మీద స్థలం ఉన్న కంపెనీకి, వాలునీ నీటి కాలవల్నీ పట్టించుకోనందుకు. ఎవరికి వాళ్లు "నా గీత ఇక్కడిదాకే" అనుకుంటే ఆ గీతల మధ్య కాపురాలున్నాయి. నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అందుకే రెండోసారి జియోటెక్నికల్ పని, అంటే నేల, వాలు, పునాదుల పరీక్ష, చేసే ఒక చిన్న ఆఫీసుకి వెళ్లాం. ఈ రివ్యూ వాళ్ల గురించే.

వచ్చినావిడకి యాభై ఏళ్లుంటాయి. ఒప్పందం కాగితం నా ముందు పెట్టి, సంతకానికి ముందే ఒక పేరా చదివి వినిపించారు. తనిఖీలో ప్రాణాపాయం కనిపిస్తే, ఫీజు ఇచ్చింది మేమే అయినా, అక్కడ ఇప్పటికే ఉంటున్నవాళ్లకీ సంబంధిత అధికారులకీ ఆవిడ చెప్పేస్తారు. "దీనికి ఇష్టమైతేనే సంతకం పెట్టండి సార్. తర్వాత రహస్యంగా ఉంచమంటే నావల్ల కాదు" అన్నారు. నేను అక్కడికక్కడే పెట్టేశాను. డబ్బిచ్చినవాడికంటే జనం ప్రాణం ముందు అన్నది ఇంజినీర్ల నియమావళిలో మొదటి మాట. దాన్ని ఒప్పందంలోకి ఎక్కించినవాళ్లని నేను మొదటిసారి చూశాను.

సైట్‌లో ఆవిడ ఫ్లాట్ లోపలికి చివర్లో వచ్చారు, అదీ పావుగంటే. మిగతా మూడు గంటలూ బిల్డింగ్ వెనకే. రిటైనింగ్ వాల్ (కొండ మట్టి జారకుండా ఆపే గోడ) దగ్గర గొంతుక్కూర్చుని వీప్ హోల్స్‌లోకి ఒక్కొక్కదానిలో సన్నటి ఇనప చువ్వ దూర్చి చూశారు. చాలావాటిలో జానెడు కూడా దిగలేదు, మట్టి గట్టిపడి పూడుకుపోయింది. గోడ వెనక చేరిన వాన నీరు బయటికి రావడానికి ఉన్న దారులవి. అవి మూసుకుపోతే నీరంతా మట్టిలో నిలిచి, మట్టి పట్టు సడలుతుంది, గోడ మీద తోపుడు పెరుగుతుంది. ఒక్క కన్నం కింద మాత్రం సన్నటి మట్టి విసనకర్రలా పరుచుకుని ఉంది. ఆవిడ అది చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి నాకు చూపించారు. "నీళ్లు తేటగా వస్తే నాకు భయం లేదు. ఇలా మట్టితో వచ్చిందంటే గోడ వెనక నేల కొట్టుకుపోతోంది." తర్వాత పైకెక్కి వాలు అంచున ఉన్న కాలవలో పగులు చూపించారు. దానికి అడ్డంగా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేశారు. రెండు పెద్ద వానల తర్వాత మళ్లీ వచ్చి ఆ గీత రెండు ముక్కలూ ఎంత ఎడమయ్యాయో స్కేలుతో కొలిచారు. 3 మిల్లీమీటర్లు.

రిపోర్ట్ 11 పేజీలే. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఇది: "పైల్స్‌కి పక్కతోపుడు లెక్క వేసినట్టు నాకు ఇచ్చిన డ్రాయింగుల్లో లేదు. కాబట్టి పునాదుల గురించి నేను అభిప్రాయం ఇవ్వడం లేదు." అమ్మేవాళ్ల తరఫు ఏజెంట్ ఆవిడకి ఫోన్ చేసి, బిల్డింగ్ సేఫ్ అని ఒక్క లైను రాసిస్తే చాలని నా ఎదుటే బతిమాలాడు. చూడనిదాని మీద సంతకం పెట్టనని ఆవిడ నెమ్మదిగానే చెప్పి పెట్టేశారు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, రిపోర్ట్ చెప్పిన రోజుకంటే పన్నెండు రోజులు ఆలస్యమైంది. అడ్వాన్స్ గడువు దగ్గర పడుతుంటే ఆ రోజులు గడవడం కష్టమైంది. ఫోన్ చేస్తే ఆఫీసులో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. భాష కూడా మామూలువాళ్లకి కొరుకుడు పడదు. అర్థం కానివి అడిగితే ఆవిడ ఓపిగ్గా గంటసేపు వివరించారు, కానీ ఆ వివరణలో సగమైనా కాగితం మీద ఉండాల్సింది.

మేం ఆ ఫ్లాట్ కొనలేదు. నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నారు. గోడ గురించిన పేజీలు ఆవిడ చెప్పినట్టే అక్కడి అసోసియేషన్‌కి పంపారు. కింది అంతస్తులో ఉండే ఒకాయన నాకు ఫోన్ చేసి, వీప్ హోల్స్ శుభ్రం చేయిస్తున్నామని, వాలుకి పూర్తి స్టడీ చేయించడానికి మీటింగ్ పెట్టామని చెప్పారు.

వీళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు స్ట్రక్చరల్ డ్రాయింగులు, సాయిల్ రిపోర్ట్ అమ్మేవాళ్ల దగ్గర ముందే అడిగి తీసుకెళ్లండి. ఇవ్వలేదంటే ఆ సంగతి కూడా ఆవిడ రిపోర్ట్‌లో రాస్తారు. వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడే రమ్మనండి.