వరదలో మునిగి లేచిన మిక్సీ రిపేర్ షాపు, సింగ్‌నగర్

విజయవాడ సింగ్‌నగర్‌లో మిక్సీలు, గ్రైండర్లు, నీళ్ల మోటార్లు బాగుచేసే చిన్న షాపు ఇది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇళ్లతో పాటు ఇదీ మునిగింది. స్పేర్ పార్టులన్నీ బురదపాలయ్యాయి. అయినా షాపాయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నీళ్లు తీయగానే రోడ్డు పక్కన బల్ల వేసుకుని, ఎండలోనే పని మొదలుపెట్టారు.

మా వెట్ గ్రైండర్‌ని వేరేచోట చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు. ఈయన మోటారు విప్పి, మంచినీళ్లతో బురదంతా కడిగి, బాగా ఆరబెట్టారు. మెగ్గర్ (కరెంటు లీకవుతుందేమో చూసే మీటరు) పెట్టి వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) బాగానే ఉందని నాకు చూపించాకే కరెంటు ఇచ్చారు. తుప్పు పట్టిన బేరింగులు మార్చి, వాటి ఖరీదు, కూలి మాత్రం తీసుకున్నారు. ఊరంతా రిపేర్ల కోసం ఎగబడుతున్న రోజుల్లో ఎంత అడిగినా ఇచ్చేవాళ్లం. రేటు పెంచలేదు, అది నాకు చాలా గొప్పగా అనిపించింది. పక్కింటావిడ మిక్సీ చూసి, "దీనికి పెట్టే డబ్బుకి కొత్తదే వస్తుందమ్మా" అని పైసా తీసుకోకుండా పంపేశారు.

ఇప్పుడు షాపులో సామానంతా తలకంటే ఎత్తున ఇనుప ర్యాకుల్లోనే ఉంటుంది. కింద ఏమీ పెట్టరు.

లోపమంటే ఆలస్యమే. చెప్పిన రోజుకి ఇవ్వరు, పనిలో ఉంటే ఫోన్ ఎత్తరు. అర్జంటైతే పొద్దున్నే స్వయంగా వెళ్లండి.