నెమ్మది సినిమా నిరాశపరిచిందా? ఫోనా, టీవీయా, ఊరి హాలా: ఏది మేలు?

2022లో 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక అన్ని కాలాల గొప్ప సినిమాల మీద జరిపిన విమర్శకుల ఓటింగులో మొదటి స్థానం 'జాన్ దీల్మన్'కి దక్కింది. బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మన్ 1975లో తీసిన సినిమా, నిడివి 201 నిమిషాలు. పొడుగు షాట్లతో నింపాదిగా నడిచే ఇలాంటివాటినే నెమ్మది సినిమా అంటారు. అంత గొప్పదన్నారు కదా అని భీమవరంలోనో అమలాపురంలోనో భోజనాలయ్యాక పెట్టుకుంటే, ఒకావిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది, గిన్నెలు కడుగుతుంది, గది దాటేటప్పుడల్లా లైటు ఆర్పుతుంది. ముప్పావుగంటకి విసుగొచ్చేస్తుంది. "ఇందులో ఏముందని అంత పొగిడారు?" అని అడగడం తప్పేమీ కాదు. కాకపోతే ఆ నిరాశలో సినిమా వాటా ఎంత, మనం చూసిన తీరు వాటా ఎంత అన్నది తేల్చుకోవాలి.

ఫోను వద్దు. తెర చిన్నదన్నది రెండో సంగతి. అసలు చేటు పది సెకన్లు ముందుకి గెంతించే మీటతోనే వస్తుంది. మొదటిరోజు ఆవిడ డబ్బు సూపుగిన్నెలో వేసి మూత పెడుతుంది. రెండోరోజు ఆ మూత పెట్టడం మరిచిపోతుంది. పొయ్యి మీద దుంపలు మెత్తగా ఉడికి పాడైపోతాయి, ఆ గిన్నె పట్టుకుని ఎక్కడ పారబొయ్యాలో తెలియక ఇల్లంతా తిరుగుతుంది. ఆవిడ లోపల ఏదో చెదిరిందని మనకి తెలిసేది ఇలాంటివాటి వల్లే. మొదటిరోజు మూత పెట్టడాన్ని గెంతించేసిన మనిషికి, రెండోరోజు మూత లేదన్న సంగతే కనపడదు. అతనికి సినిమా ఖాళీగా ఉండక ఏమవుతుంది!

టీవీ మంచిదే, కానీ కొన్న రోజున్న సెట్టింగులతో కాదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యలో తన సొంత ఫ్రేములు కల్పించి చేరుస్తుంది కాబట్టి బొమ్మ సీరియల్‌లా జారిపోతుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్జీలో ట్రూమోషన్, సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అని ఉంటుంది, ఆపెయ్యండి. పిక్చర్ మోడ్ సినిమాకో ఫిల్మ్‌మేకర్‌కో మార్చండి. కరెంటు ఆదా మోడ్ తీసెయ్యండి. ఆటో వాల్యూమ్ ఉంటే అదీ తీసెయ్యాలి, లేకపోతే చిన్న చప్పుడూ పెద్ద చప్పుడూ ఒకటే అయిపోయి నిశ్శబ్దం అన్నదే మిగలదు. ఓలెడ్ టీవీలకి ఇంకో పేచీ ఉంది: బొమ్మ చాలాసేపు కదలకపోతే అవి తమంతట తామే వెలుతురు తగ్గించుకుంటాయి. నిలకడ షాట్ల సినిమాకి అది పెద్ద దెబ్బ.

ఇక దూరం. 43 అంగుళాల టీవీకి అయిదడుగుల్లో కూర్చోవాలి. మన ఇళ్ళలో సోఫా పదడుగుల అవతల ఉంటుంది. 'కోర్ట్' (2014, మరాఠీ) లాంటి సినిమాలో కెమెరా కోర్టు గది మొత్తాన్ని దూరం నుంచి చూపిస్తుంది, మనుషులు చిన్నగా కనపడతారు. పదడుగుల నుంచి అవన్నీ తలకాయల వరసలే. ఆఖర్లో కోర్టు లైట్లు ఒక్కొక్కటే ఆరి తెర చీకటవుతుంది. అయిపోయిందనుకుని కట్టేస్తే జడ్జిగారి సెలవుల భాగం పోతుంది, సినిమా చివరి దెబ్బ దాంట్లోనే ఉంది.

ఊరి హాలు, అంటే కల్యాణమండపం లాంటిచోట ప్రొజెక్టరు పెట్టి వెయ్యడం, అన్నిటికన్నా మేలు, అన్నిటికన్నా కష్టం కూడాను. తెర 8 అడుగుల వెడల్పు, 4.5 ఎత్తు అనుకోండి: 36 చదరపు అడుగులు. పూర్తి చీకట్లో చదరపు అడుక్కి 16 ల్యూమెన్ల (వెలుతురు కొలత) వెలుతురు పడాలి, అంటే సుమారు 576. గోడ పీల్చుకునేదీ సినిమా మోడ్‌లో తగ్గేదీ కలుపుకుని 1000 ఆన్సీ (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన) ల్యూమెన్లు ఉంటే నిశ్చింత. డబ్బా మీద పెద్ద అంకె చూసి మోసపోకండి, 'ఆన్సీ' అన్న మాట ఉందో లేదో చూడండి. త్రో నిష్పత్తి (ప్రొజెక్టరు దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే ప్రొజెక్టరు 12 అడుగుల దూరంలో పెట్టాలి. తెర కింది అంచు నేలకి నాలుగున్నర అడుగుల పైన ఉండాలి, లేకపోతే సబ్‌టైటిళ్ళు ముందువరస తలల వెనక్కి పోతాయి. గుడ్డ కడితే గాలికి అలలు లేస్తాయి కాబట్టి కింది అంచు మడిచి కుట్టి అందులో వెదురుకర్ర దూర్చండి. నున్నగా సున్నం వేసిన గోడ ఉంటే గుడ్డ జోలికి పోవద్దు.

కల్యాణమండపాల్లో మాట గింగురుమంటుంది. కోనసీమలో దొరికే కొబ్బరిపీచు చాపలు వెనక గోడకి, పక్క గోడలకి వేలాడదీస్తే చాలావరకు సర్దుకుంటుంది. కరెంటు పోతే దీపమున్న ప్రొజెక్టరులో ఫ్యాను ఆగి, వేడి దిగక దీపం పాడవుతుంది. యూపీఎస్ పెట్టకుండా మొదలుపెట్టకండి. వానాకాలంలో రేకుల కప్పు కింద మాట వినపడదు, వేసవిలో ఫ్యాన్లు ఆపలేం. కార్తీకం నుంచి శివరాత్రి దాకా, సంక్రాంతి మైకుల రోజులు వదిలేసి, ఫ్యాన్లు ఆపి చూడొచ్చు. 'జాన్ దీల్మన్'కి ఆ నిశ్శబ్దం కావాలి: ఆవిడ చెప్పుల టకటక, స్విచ్చు చప్పుడు, అదే దాని సంగీతం.

కాబట్టి 'కోర్ట్' 116 నిమిషాలే, ముందు దాన్ని టీవీలో దగ్గరగా కూర్చుని చూడండి. 201 నిమిషాలదాన్ని హాలు కుదిరేదాకా ఆపండి. ఇంత చేసినా నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, విమర్శకుల పొగడ్తకి తలొంచక్కర్లేదు. ఇటలీ దర్శకుడు ఆంటోనియోనీ తీసిన 'లావెంతూరా'ని 1960లో కాన్ చిత్రోత్సవంలో గేలిచేశారు, అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతీ వచ్చింది. ఒక్కటి మాత్రం చూసుకోండి: చేసిందే మళ్ళీ చేస్తున్నప్పుడు అందులో ఏదైనా మారిందా? ఏమీ మారకుండా షాటు సాగదీస్తే ఆ తప్పు దర్శకుడిదే.

హాల్లో వేసేవాళ్ళకి ఇంటర్వెల్ బెంగ అక్కర్లేదు. 'జాన్ దీల్మన్'లో రోజు ముగిసినట్టు తెర మీద అక్షరాలు పడతాయి. అక్కడ ఆపి పదినిమిషాలు టీ ఇవ్వండి, షాటు మధ్యలో మాత్రం ఆపకండి.