ఉదయగిరి, భైరవకోన, ఒంగోలు: ఈవీలో ఫోన్ ప్యాడ్ పెట్టుకుని తిరిగొచ్చిన కథ

పెట్రోలు బండి నడిపేవాడికి ఫోన్ చచ్చిపోతే దారిలో ఎవరినో ఒకరిని అడుక్కుంటూ పోతాడు. ఈవీ, అంటే కరెంటు బండి ఉన్నవాడికి ఫోన్ చచ్చిపోతే ఇక కదిలేది లేదు. కళ్లెదురుగా చార్జర్ ఉన్నా దాన్ని ఆన్ చేయాలంటే ఆ కంపెనీ యాప్ తెరవాలి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి, వాలెట్‌లో డబ్బులెయ్యాలి, ఓటీపీ రావాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్. అందుకే నెల్లూరు నుంచి ఉదయగిరి, భైరవకోన, కనిగిరి, ఒంగోలు తిరిగి కావలి మీదుగా మైపాడు చేరాలని అనుకున్నప్పుడు బండి చార్జింగ్ గురించి ఎంత లెక్కలేసుకున్నామో, ఫోన్ చార్జింగ్ గురించి కూడా అంతే లెక్కలేసుకున్నాం.

మాది 2020 నాటి టాటా నెక్సాన్ ఈవీ కారు. 30.2 యూనిట్ల బ్యాటరీ. కాగితం మీద 312 కిలోమీటర్లు, ఏసీ వేసుకుని నలుగురం ఎక్కితే నాకొచ్చేది రెండొందల చుట్టుపక్కల. అందులో వైర్‌లెస్ చార్జర్, అంటే తీగ గుచ్చకుండా పైన పెడితే చాలు ఫోన్‌ని చార్జ్ చేసే ప్యాడ్ లేదు, 2022లో వచ్చిన నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌లో ఇచ్చారు. అది లేదని బండి మార్చలేం కదా, బయట దొరికేవి రెండు కొన్నాం. ఒకటి గేరు నాబ్ దగ్గర పరుచుకునే రబ్బరు పలక. రెండోది ఏసీ గాలి వచ్చే జాలీకి క్లిప్పుతో పట్టుకునే అయస్కాంతం రకం. మా బావ వీటిని చూసి మొదట అడిగిన మాట: "దీనివల్ల బండి రేంజ్ తగ్గదా?" ప్యాడ్ సాకెట్ నుంచి గుంజేది 20 వాట్లు అనుకుందాం. అయిదు గంటలు ఆపకుండా పెట్టినా 0.1 యూనిట్. బండి కిలోమీటరుకి తినేది 0.15 యూనిట్. అంటే మొత్తం ప్రయాణంలో పోయేది ముప్పావు కిలోమీటరు కూడా కాదు. ఏసీ ఒక మెట్టు పెంచితే అంతకంటే ఎక్కువే పోతుంది.

అసలు చూసుకోవాల్సింది సాకెట్‌ని. చాలామంది ప్యాడ్ తెచ్చి బండిలో ఉన్న యూఎస్‌బీ పోర్టుకి తగిలిస్తారు. పాటలు వినడానికి ఇచ్చిన ఆ పోర్టుల్లో చాలావాటికి సత్తువ ఉండదు. ప్యాడ్ లైటు వెలుగుతుంది గానీ మ్యాప్ నడుస్తుంటే ఫోన్ శాతం తగ్గుతూనే ఉంటుంది. 12 వోల్టుల సాకెట్‌లో 20 వాట్లకి తగ్గని పీడీ (పవర్ డెలివరీ, వేగంగా చార్జ్ చేసే రకం) అడాప్టర్ పెట్టి, దాన్నుంచి ప్యాడ్‌కి వైరు లాగాలి. ఈవీలో కూడా బానెట్ కింద మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. బండి ఆన్‌లో ఉన్నంతసేపు పెద్ద బ్యాటరీయే దాన్ని నింపుతుంటుంది. ఆపేశాక అన్ని బళ్లలోనూ అలా నింపదు. కొన్ని బళ్లలో ఆపినా సాకెట్‌లో కరెంటు వస్తూనే ఉంటుంది. ఆ చిన్న బ్యాటరీ పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు. రాత్రి దిగేటప్పుడు అడాప్టర్ పీకేయడం మాకు అలవాటు.

నెల్లూరు నుంచి ఆత్మకూరు దాకా 67వ నంబరు హైవే. 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజీ దగ్గర కాసేపు ఆగి పెన్నని చూశాం. ఎండ ఇంకా ముదరలేదు, రోడ్డు నున్నగా ఉంది, రబ్బరు పలక మీద ఫోన్ కదలకుండా చార్జవుతోంది. రెండోదానికంటే నాలుగు వందలు తక్కువ పెట్టి కొన్న పలకే మేలనిపించింది. ఆత్మకూరులో మా పిన్నమ్మ వాళ్లింట్లో బోరు మోటారు ప్లగ్గుకి బండి తగిలించి, చేపల పులుసు తిని ఓ కునుకు తీశాం. నిన్నటి పులుసు, మామిడికాయ ముక్కలు బాగా ఊరి ఉన్నాయి. ఈ యాత్ర మొత్తంలో అంత మంచి చార్జింగ్ స్టేషన్ ఇంకెక్కడా దొరకలేదు.

ఉదయగిరి దారి పట్టాక పలక గుట్టు బయటపడింది. గతుకు వచ్చినప్పుడల్లా ఫోన్ ఒక వేలెడు జరుగుతుంది. ప్యాడ్ లోపలి తీగచుట్టా, ఫోన్ వెనకున్న తీగచుట్టా ఎదురెదురుగా ఉంటేనే కరెంటు దాటుతుంది, కాస్త పక్కకి జరిగితే ఆగిపోతుంది. మళ్లీ సరిచేస్తే టింగుమని మొదలు. ఇంకో గతుకు, ఇంకో టింగు. వెనక సీట్లోంచి బావ, "ఏందబ్బయా ఇది, గుళ్లో గంట మాదిరి?" అని నవ్వు. పది టింగులకి ఒక శాతం కూడా ఎక్కలేదు, పైగా ఫోన్ కాలుతోంది.

ఈ వేడి సంగతి కొంచెం చెప్పాలి. తీగతో పోలిస్తే ప్యాడ్‌లో కరెంటు వృథా ఎక్కువ, ఆ వృథా అంతా వేడిగానే బయటికొస్తుంది. పైన నెల్లూరు ఎండ, అద్దంలోంచి నేరుగా నల్లటి డ్యాష్‌బోర్డు మీదికి. లోపల జీపీఎస్, డేటా, వెలుగు పెంచిన స్క్రీను. ఐఫోన్ అయితే మరీ వేడెక్కినప్పుడు 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపేసుకుంటుంది. వాడే చోట వేడి 35 డిగ్రీలు దాటకూడదని యాపిల్ వాళ్లే రాస్తారు. మనకి మార్చి నెలలోనే అది దాటిపోతుంది, రోహిణి కార్తె దాకా ఆగక్కర్లేదు. అందుకే ప్యాడ్‌ని డ్యాష్‌బోర్డు మీద అతికించే రకం మన జిల్లాలకి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఏసీ జాలీకి పెట్టే రకమైతే చల్లగాలి నేరుగా ఫోన్ వీపుకే తగులుతుంది.

ఉదయగిరిలో మధ్యాహ్నపు ఎండలో కోట ఎక్కే సాహసం చేయలేదు. కృష్ణదేవరాయలంతటివాడే 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514కి గానీ గజపతుల నుంచి గెలవలేకపోయిన కోట అది. మనకి ఒక మధ్యాహ్నంలో లొంగుతుందా? కింద ఊళ్లో చెక్క గరిటెలు చేసేచోట కూర్చున్నాం. ఒక పెద్దాయన గరిటె కాడని మోకాలికి ఆనించుకుని ఆకురాయితో రుద్దుతున్నాడు. రెండు రుద్దులకోసారి బొటనవేలితో తడిమి చూసుకుంటాడు, కంటితో చూడడు. మా ఆవిడ ఉప్మా గరిటెలు, చెంచాలు సంచీడు కొంది. బేరం ఆడబోతే బావే ఆపాడు.

సీతారామపురం వైపు దారిలో అయస్కాంతం ప్యాడ్ పెట్టాం. తేడా వెంటనే తెలిసింది. ఫోన్ తనంతట తానే సరైన చోట అతుక్కుంటుంది, గతుకుల్లో జరగదు. 2023లో వచ్చిన క్యూఐ2 అనే వైర్‌లెస్ చార్జింగ్ పద్ధతిలో ఉన్న గొప్పదనమంతా ఈ అయస్కాంతాల వలయమే. యాపిల్ 2020లో తన ఫోన్లకి పెట్టుకున్నదాన్ని అందరి ప్రమాణంగా చేశారు. మా ఆవిడ ఐఫోన్‌కి దీనిమీద 15 వాట్లు అందుతుంది. పాత రకం ప్యాడ్ డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉన్నా ఐఫోన్‌కి ఇచ్చేది 7.5 వాట్లే. నాది ఆండ్రాయిడ్, లోపల అయస్కాంతం లేదు. వెనక వలయం స్టిక్కరు అతికించుకున్నాను. స్టిక్కరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మధ్యలో ఖాళీ ఉన్న అయస్కాంతపు వలయమే తీసుకోవాలి. షాపుల్లో పాత మౌంట్లకి ఇచ్చే నిండు ఇనప రేకు అంటిస్తే చార్జింగ్ కాకపోగా రేకు కాలుతుంది.

భైరవకోన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకే కొండ రాయిని తొలిచి ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. వానాకాలం కాదు కాబట్టి నీళ్లు సన్నగా ఉన్నాయి, అయినా ఆ రాతి చల్లదనం ఏసీ ఇవ్వలేనిది. ఫోన్‌కి మాత్రం గడ్డుకాలం. కొండల మధ్య సిగ్నల్ కోసం వెతుక్కుంటూ చార్జ్ ఆవిరవుతుంది. లోపలికి వెళ్లేముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. తిరుగు దారి మ్యాప్ ముందే దించుకోండి. వసతి కోసం అక్కడ ఆశపెట్టుకోకుండా చీకటి పడకముందే కనిగిరి చేరడం మంచిది.

కనిగిరిలో దిగిన లాడ్జి చూడ్డానికి సాదా. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. ఫోన్ చేసినప్పుడే "పదిహేను ఆంపియర్ల ప్లగ్గు, బండి పెట్టే చోటికి దగ్గర్లో" అని అడిగి ఖాయం చేసుకున్నాం. తీరా తగిలిస్తే చార్జర్ డబ్బా మీద ఎర్రలైటు, ఎర్తింగ్ లేదు. వాచ్‌మన్ తాత మాత్రం చాలా ఉషారు. "ఆ ప్లగ్గు కాదులే నాయనా, మోటారు దానికి పెట్టు, దానికి భూమిలో కడ్డీ పాతుండారు" అని తనే వైరు తెచ్చి లాగాడు. పచ్చలైటు వెలిగింది. రాత్రంతా ఆ చిన్న చార్జర్‌తో సగం పైనే నిండింది. పొద్దున ఓనరు కరెంటుకి మూడొందలన్నాడు. యూనిట్ల లెక్కన ఎక్కువే, కానీ తాత పుణ్యమా అని ఇచ్చేశాం.

పొదిలి మీదుగా చీమకుర్తి వస్తే గ్రానైట్ దిమ్మెలు మోసే లారీల వెనక పాకాల్సిందే. నల్లటి రాయిలో మినుకులు మెరిసే బ్లాక్ గెలాక్సీ పుట్టింది ఇక్కడే. ఆ గతుకుల్లో అయస్కాంతం ఫోన్‌ని వదల్లేదు గానీ క్లిప్పు జాలీని వదిలేసింది. ఫోన్, ప్యాడ్ రెండూ కలిసి మెల్లగా తల దించేస్తున్నాయి. పెద్ద ఫోన్, మందపాటి కవరు ఉన్నవాళ్లకి కింద ఇంకో కాలు ఆన్చుకునే రకం క్లిప్పు కావాలి. మేం మడిచిన కాగితం ఒకటి దోపి నెట్టుకొచ్చాం.

ఒంగోలులో హోటల్ కనిగిరి లాడ్జికి మూడింతల రేటు. గది బాగుంది, టిఫిన్ ఫర్వాలేదు. బుకింగ్ చేసేటప్పుడు "ఈవీ చార్జింగ్ ఉంది" అని చూసే ఎంచుకున్నాం. సెల్లార్‌లోకి దిగి చూస్తే నిజంగానే ఉంది. దాని మీద కవరు, కవరు మీద దుమ్ము. కుర్రాడొచ్చి కవరు తీసి ఆన్ చేశాడు. యాప్ తెరిస్తే నేల కింద సిగ్నల్ లేదు, ఓటీపీ రాదు. వైఫై పాస్‌వర్డ్ కోసం పైకీ కిందికీ తిరిగేసరికి నాకే చెమటలు పట్టాయి, చార్జర్ మాత్రం చలించలేదు. మేనేజరు "రేపు టెక్నీషియన్ వస్తాడు సార్" అన్నాడు. రేటు చూసి కనిగిరి లాడ్జికి తక్కువ మార్కులేసిన బావ, ఇక్కడ నోరెత్తలేదు.

ఆ హోటల్లో గది తలుపుకి కార్డు. మా ఆవిడకి కార్డుని ఫోన్ కవరు వెనక అరలో పెట్టుకునే అలవాటు. తీయించాను. అయస్కాంతం ప్యాడ్‌కీ ఫోన్‌కీ మధ్య కార్డు పెడితే అయస్కాంతపు పట్టీ ఉన్న కార్డులు చెరిగిపోవచ్చు, చిప్పు ఉన్నవి పాడవ్వచ్చు. ఏటీఎం కార్డయినా అంతే. నాణెం, తాళంచెవి లాంటివి మధ్యలో ఇరుక్కుంటే కాలతాయి. మంచి ప్యాడ్ లోహాన్ని పసిగట్టి ఆగిపోతుంది, చవక ప్యాడ్‌ని నమ్మలేం.

సాయంత్రం కొత్తపట్నం బీచ్‌కి పోయాం. మైపాడు కంటే జనం తక్కువ, ఒడ్డు విశాలం. వచ్చేటప్పుడు అల్లూరయ్య మైసూర్‌పాక్ కట్టించుకున్నాం. నెల్లూరోళ్లం కాబట్టి మలై కాజాకే ఓటు వేయాలి గానీ, వేడి మీద ఉన్న ఆ మైసూర్‌పాక్ ముందు అభిమానాలు కొంచెం సడలాయి.

16వ నంబరు హైవే ఎక్కాక చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నున్నటి రోడ్డు మీద పలకైనా, అయస్కాంతమైనా ఒకటే. ఉలవపాడు దగ్గర మామిడికాయలు ఇంకా పిందెలే. కావలి దగ్గర ఫాస్ట్ చార్జర్ మొదటిసారికే పట్టుకుంది, యాప్‌లో చూపించిన రేటే తీసుకుంది. పక్క హోటల్లో దోశ వచ్చేలోపు బండి సగం నిండింది. ఎండలో బండి ఆగి ఉంది కాబట్టి ఫోన్లని ప్యాడ్ మీద వదలకుండా చేతిలో పట్టుకుని దిగాం. వదిలితే అరగంటలో పెనం మీద పెట్టినంత పనవుతుంది.

మైపాడులో సముద్రం ఒడ్డునే కాటేజీ దొరికింది. గాలికి పెట్టింది పేరు, కరెంటుకి కాదు. రెండుసార్లు పోయింది, జనరేటర్ ఫ్యానుకీ లైటుకీ మాత్రమే. నెల్లూరు పాతిక కిలోమీటర్లే కాబట్టి బండికి దిగుల్లేదు, ఫోన్లని మాత్రం బండిలోనే చార్జ్ చేసుకోవాల్సొచ్చింది. అక్కడ ప్యాడ్ వాడలేదు. తొందర పనికి తీగే మేలు. అదే 20 వాట్ల అడాప్టర్‌కి నేరుగా టైప్-సి వైరు గుచ్చితే త్వరగా ఎక్కుతుంది, ఫోన్ చల్లగా ఉంటుంది. నడుపుతూ ఒంటిచేత్తో పెట్టి తీయడానికి ప్యాడ్, ఆగినప్పుడు తీగ.

పలకని బావకిచ్చేశాను. వాళ్ల ఇంట్లో టీవీ పక్కన బల్ల మీద కదలకుండా పడుంది, అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అయస్కాంతం ప్యాడ్‌కి కాలున్న క్లిప్పు మార్చాను. శనివారం ఒక్కరోజే తెరిచే మాలకొండ నరసింహస్వామి దర్శనం ఈసారి కుదర్లేదు. మేం ఆ వైపు వచ్చింది వేరే రోజున. కందుకూరు పక్క నుంచి పోతే అక్కడ బండికి చార్జింగ్ ఎక్కడ పెట్టుకోవచ్చో, ఏ లాడ్జిలో ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు దొరుకుతుందో తెలిసినవాళ్లుంటే చెప్పండి.