అటాచ్‌మెంట్ తెరుచుకోలేదని షాపుకెళ్తే ఫార్మాట్ కొట్టి పంపారు: కడప వాళ్లు జాగ్రత్త

మెయిల్‌లో వచ్చిన ఫైలు తెరుచుకోవడం లేదని కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లారనుకోండి. అక్కడ మొదటి మాటగా "ఫార్మాట్ కొట్టాలి" (అంటే డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేయాలి) అన్నారంటే, సిస్టమ్ చంకలో పెట్టుకుని బయటికొచ్చేయండి. అటాచ్‌మెంట్ సమస్యకు ఫార్మాట్ అవసరమయ్యే సందర్భం దాదాపు ఉండదు. కడపలో నాకు జరిగింది చూసి ఇంకొకరు డబ్బూ డేటా రెండూ పోగొట్టుకోకూడదని రాస్తున్నా. షాపు పేరు మాత్రం అడక్కండి. ఇలాంటి షాపు ఒకటే అయితే పేరు చెబితే సరిపోయేది.

నేను ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలకు ఇంటి నుంచే లెక్కలు రాస్తాను. బిల్లులు, ఎల్ఆర్ కాపీలు (లారీ రసీదులు), చెన్నై బెంగళూరు పార్టీల ఆర్డర్లు అన్నీ ఎంఎస్ ఆఫీస్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్‌లోకే వచ్చేవి. ఆమధ్య ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు పంపిన ఎల్ఆర్ మీద నొక్కితే "కాంట్ క్రియేట్ ఫైల్" అని మెసేజ్ వచ్చి ఆగిపోవడం మొదలైంది. మిగతా వాళ్లు పంపినవి చక్కగా తెరుచుకుంటున్నాయి, ఈ ఒక్క ఆఫీసువే రావడం లేదు. ఈ సంగతి షాపులో విడమరిచి చెప్పాను కూడా.

కౌంటర్ దగ్గరున్న అబ్బాయి ఆ మెసేజ్ రెండో లైను దాకా చదవనేలేదు. "సాఫ్ట్‌వేర్ కరప్ట్ అయిందక్కా. మీది పాత ఎంఎస్ ఆఫీస్. ఫార్మాట్ కొట్టి కొత్తది వేస్తే సాఫీగా నడుస్తాది" అన్నాడు. మెయిల్స్ ఒక్కటి కూడా పోకూడదు, ఫ్యాక్టరీల లెక్కంతా అందులోనే ఉందని చెప్పాను. "బ్యాకప్ తీసే చేస్తాం లేక్కా, టెన్షన్ పడొద్దు" అన్నాడు. ఫార్మాట్‌కు 800, 'లైఫ్‌టైమ్ ఒరిజినల్ ఆఫీస్'కు 3,500. తెల్లకాగితం మీద "సాఫ్ట్‌వేర్, సర్వీస్" అని గీకి, 4,300 తీసుకున్నారు. జీఎస్టీ నంబరు లేదు, సాఫ్ట్‌వేర్ కీ లేదు.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే ఔట్‌లుక్ ఖాళీ. గత రెండు వారాల మెయిల్స్ మాత్రం మెల్లగా దిగాయి, అంతకు ముందువి ఏవీ లేవు. ఫోన్ చేస్తే "బ్యాకప్ ఇచ్చాం కదక్కా" అంటారు. వాళ్లు తీసింది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, లెక్కలు రాసే టాలీ డేటా. ఔట్‌లుక్ మెయిల్స్ ఉండే పీఎస్‌టీ ఫైలు వాటిలో లేదు. నా ఔట్‌లుక్ 2007 నాటి నుంచి అప్‌డేట్ అవుతూ వచ్చింది. అప్పట్లో ఆ ఫైలు యాప్‌డేటా అనే ఫోల్డర్ లోపల ఉండేది, ఆ ఫోల్డర్ మామూలుగా కంటికి కనిపించదు. 2010 వెర్షన్ నుంచి కొత్తగా పెట్టుకునే ఖాతాలకు అది డాక్యుమెంట్స్‌లోని 'ఔట్‌లుక్ ఫైల్స్' ఫోల్డర్‌లోకి మారింది. మెయిల్ సిస్టమ్‌లు బాగుచేస్తామని బోర్డు పెట్టుకున్నవాళ్లకు ఇది తెలియదంటే ఏమనాలి?

ఇక్కడ ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. మీ ఖాతా పాప్ పద్ధతిలో ఉంటే మెయిల్స్ సర్వర్ నుంచి మీ సిస్టమ్‌లోకి దిగిపోతాయి. సర్వర్‌లో కాపీ ఉంచమని చెప్పినా, ఔట్‌లుక్ మామూలు సెట్టింగ్ ప్రకారం 14 రోజుల తర్వాత అక్కడ తీసేస్తుంది. నాకు రెండు వారాలవే మిగలడానికి కారణం అదే. ఐమ్యాప్ అయితే అసలు సరుకు సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి ఫార్మాట్ కొట్టినా మళ్లీ వచ్చేస్తుంది. మీది ఏదో తెలుసుకోవాలంటే ఔట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఖాతా పక్కనే రాసి ఉంటుంది. ఆ పక్కన డేటా ఫైల్స్ అనే ట్యాబ్‌లో ఫైలు ఎక్కడుందో దారి మొత్తం కనిపిస్తుంది, 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కితే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. ఔట్‌లుక్ మూసేసి ఆ పీఎస్‌టీని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే సిస్టమ్ ఎవరి చేతికైనా ఇవ్వండి.

అసలు జబ్బు ఏంటో తర్వాత బెంగళూరులో ఉండే మా తమ్ముడు చెప్పాడు. మనం మెయిల్‌లోంచి నేరుగా ఫైలు తెరిస్తే ఔట్‌లుక్ దాని కాపీని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి చూపిస్తుంది. ఫైలు మూసేస్తే కాపీ పోతుంది. ఫైలు తెరిచి ఉండగానే ఔట్‌లుక్ మూతపడినా, కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయినా ఆ కాపీ అక్కడే ఉండిపోతుంది. ఎండాకాలంలో మన దగ్గర కరెంటు సంగతి వేరే చెప్పాలా. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్లు ప్రతి ఎల్ఆర్‌కూ ఒకటే పేరు పెడతారు, స్కాన్ మిషన్ ఇచ్చిన పేరు అలాగే పంపేస్తారు. అదే పేరుతో ఇంకో ఫైలు తెరిస్తే ఔట్‌లుక్ దాని పక్కన బ్రాకెట్‌లో 1, 2, 3 అని వేసుకుంటూ పోతుంది. 99 దాటితే ఇక వేయలేదు, ఫైలు సృష్టించలేనని చెబుతుంది. అందుకే ఆ ఒక్క ఆఫీసు ఫైళ్లే ఆగాయి.

దీనికి మందు ఆ ఫోల్డర్ ఖాళీ చేయడం, అంతే. దాని పేరు 'కంటెంట్.ఔట్‌లుక్'. ఔట్‌లుక్ మూసేసి, విండోస్ బటన్‌తో ఆర్ నొక్కి రన్ పెట్టె తెరిచి, విండోస్ 10, 11లో అయితే %localappdata%\Microsoft\Windows\INetCache\Content.Outlook అని దారి మొత్తం టైప్ చేస్తే దొరుకుతుంది. అందులో అర్థం లేని అక్షరాల పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, దాని లోపలివి తీసేయాలి. అంత ఓపిక లేకపోతే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'సేవ్ యాజ్'తో వేరే పేరు పెట్టి డెస్క్‌టాప్‌లో దాచుకున్నా పని జరిగిపోతుంది. ఈ కాస్త పనికి ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు చేశారు.

'లైఫ్‌టైమ్ ఒరిజినల్' కథ ఇంకా ఉంది. కొన్నాళ్లకు యాక్టివేషన్ అడగడం మొదలుపెట్టింది. అది పెద్ద కంపెనీలు తమ సొంత సర్వర్‌తో యాక్టివేట్ చేసుకునే రకం. ఆ పద్ధతిలో యాక్టివేషన్ 180 రోజులే నిలుస్తుంది, ఈలోగా కంపెనీ సర్వర్‌ను మళ్లీ కలుసుకోవాలి. మన ఇంట్లో ఆ సర్వర్ ఎక్కడిది? దొంగ టూల్‌తో ఆ సాఫ్ట్‌వేర్‌ను మోసం చేసి ఇస్తారు. మళ్లీ షాపుకెళ్తే "చిన్న పనక్కా, 500 ఇవ్వండి" అంటారు. ఆ టూల్ నడవాలని యాంటీవైరస్‌ను కూడా ఆపేసి పంపారు, నేను చూసుకుంటే తెలిసింది.

కొనేవాళ్లకు మరో మాట. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీస్ హోమ్‌లో (2024 వెర్షన్‌కు ముందు దీని పేరు హోమ్ అండ్ స్టూడెంట్) ఔట్‌లుక్ ఉండదు. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ చూసి ఔట్‌లుక్ కూడా ఉందనుకుంటాం. అది హోమ్ అండ్ బిజినెస్‌లో వస్తుంది. షాపువాడు రెండింటి తేడా చెప్పకుండా అమ్మి, తర్వాత ఔట్‌లుక్‌కు వేరేగా డబ్బులు అడిగితే అప్పుడు వాదించి లాభం లేదు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే థండర్‌బర్డ్ ఉచితం, మొజిల్లా సంస్థ నుంచి వస్తుంది. ఇప్పుడు నేను వాడేది అదే. దాన్ని 'ఇన్‌స్టాల్' చేయడానికి డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు, ఇవ్వకండి.

థండర్‌బర్డ్‌కు మారాక చెన్నై పార్టీ ఆర్డరు పీడీఎఫ్ బదులు 'విన్‌మెయిల్.డాట్' అనే ఫైలు రావడం మొదలైంది. మా వీధిలో ఇంకో షాపాయన ఫోన్‌లో ఫొటో చూసి "అది వైరస్ మేడమ్, మూడేళ్ల యాంటీవైరస్ వేయించుకోండి" అన్నాడు. వైరస్ కాదు, పాడూ కాదు. పంపేవాళ్ల ఔట్‌లుక్ రిచ్ టెక్స్ట్ పద్ధతిలో మెయిల్ పంపితే, అటాచ్‌మెంట్ ఆ మూటలో కట్టబడి వస్తుంది. ఔట్‌లుక్ దాన్ని విప్పుకోగలదు, మిగతా ప్రోగ్రామ్‌లు చాలావరకు విప్పలేవు. ఆ పార్టీ అకౌంటెంట్‌కు ఫోన్ చేసి "సార్, ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లో ఫార్మాట్ హెచ్‌టీఎంఎల్ పెట్టి మళ్లీ పంపండి" అన్నాను. పీడీఎఫ్ వచ్చేసింది.

ఏ సమస్య వచ్చినా ముందు చేయాల్సింది, అదే మెయిల్‌ను బ్రౌజర్‌లో మెయిల్ సైటు తెరిచి చూడడం. అక్కడ ఫైలు తెరుచుకుంటే తప్పు మీ సిస్టమ్‌లోని ప్రోగ్రామ్‌లో ఉంది, ఈలోపు అక్కడి నుంచే దించుకుని పని కానివ్వొచ్చు. అక్కడా తెరుచుకోకపోతే చాలాసార్లు పంపినవాళ్ల వైపే సమస్య. ఈ ఒక్క పరీక్ష షాపులో ఎవరూ చేయలేదు.

పంపేటప్పుడు ఔట్‌బాక్స్‌లోనే ఇరుక్కుపోతే సాధారణంగా బరువు ఎక్కువైందని. జీమెయిల్ హద్దు 25 ఎంబీ, ఔట్‌లుక్ సొంతంగా 20 దగ్గరే ఆపుతుంది. పైగా మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైలు మూడో వంతు ఉబ్బుతుంది, కాబట్టి 18 ఎంబీ లోపు ఉంటేనే నిశ్చింత. రాళ్ల ఫొటోలు ఫోన్ నుంచి దించి ఆరేడు కలిపి పెడితే ఇది చిటికెలో దాటిపోతుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి.

"ఔట్‌లుక్ బ్లాక్‌డ్ యాక్సెస్" అని వస్తే మాత్రం సంతోషించండి. ఈఎక్స్ఈ, బ్యాట్, జేఎస్ లాంటి, తెరవగానే ప్రోగ్రామ్‌గా నడిచే ఫైళ్లను అది కావాలనే ఆపుతుంది. ఇన్‌వాయిస్ అని పేరు పెట్టి చివర ఈఎక్స్ఈ తగిలించి పంపే దొంగ మెయిల్స్ మన వ్యాపారుల దాకా కూడా వస్తున్నాయి. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగ్‌లలో, మార్చి ఆ అడ్డు తీసేస్తామంటే ఒప్పుకోకండి.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది ఒక నోటుబుక్కు చూసి. కౌంటర్ మీద పొడుగాటి నోటుబుక్కు, అందులో వచ్చినోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, పక్కనే మెయిల్ పాస్‌వర్డ్‌లు! ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు. పాస్‌వర్డ్ షాపులో చెప్పాల్సిన పనే లేదు, మీరే టైప్ చేయండి. పాత ప్రోగ్రామ్‌లు జీమెయిల్ అసలు పాస్‌వర్డ్‌తో తెరుచుకోవు కూడా. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ వస్తుంది, దాన్ని ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. ఇప్పటికే చెప్పేసి ఉంటే ఈరోజే మార్చి, ఫార్వర్డింగ్ సెట్టింగ్‌లో మీకు తెలియని అడ్రసు ఏదైనా ఉందేమో చూసుకోండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తెల్లకాగితం రసీదు, "బ్యాకప్ తీసే చేస్తాం" అని వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్ దాచి ఉంచాను, అవే పనికొచ్చాయి. ఐదు లక్షల లోపు విలువైన కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదని షాపువాళ్లకు చెప్పేసరికి గొంతు తగ్గింది. ఆఫీస్ కోసం తీసుకున్న 3,500 వెనక్కిచ్చారు. ఫార్మాట్ డబ్బు 800 ఇవ్వలేదు. పోయిన మెయిల్స్ రాలేదు. ఫార్మాట్ మీద కొత్తగా విండోస్ వేశాక, అదీ ఎస్ఎస్‌డీ రకం డిస్క్ అయితే, తిరిగి వచ్చే ఆశ పెద్దగా ఉండదట. పార్టీల దగ్గరి నుంచి పాత ఆర్డర్లు ఒక్కొక్కటే మళ్లీ తెప్పించుకుంటున్నా. చెన్నై వాళ్లు పంపారు, బెంగళూరు వాళ్లవి ఇంకా రావాలి.